కాఫీకి ముందు ఒక పాఠం

మా ఇంట్లో పాఠం చెప్పనిదే ఎవరికీ కాఫీ లేదు. ఆ నియమం పెట్టింది మా నాన్న. ఆయన మా ఊరి మిషను బడిలో హెడ్మాస్టరు. బడి ఊరి పిల్లలకి పదింటికి తెరిస్తే, మా ఇంట్లో తెల్లవారకముందే తెరిచేవారు. వరండాలో చాప పరిచి, మధ్యలో బైబిలు పెట్టి, అక్క పెళ్ళయి వెళ్ళాక నాన్నా అమ్మా నేనూ ముగ్గురమే కూర్చునేవాళ్ళం. రోజుకో అధ్యాయం, వంతులవారీగా తలా ఒక వచనం. ముందు నాన్న, తర్వాత అమ్మ, ఆ తర్వాత నేను, మళ్ళీ నాన్న. అధ్యాయం అయ్యాక నాన్న కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, "ఊఁ, ఇవాళ్టికేం దొరికింది?" అని అడిగేవారు. చదివినదాంట్లోంచి ఆ రోజు బతుక్కి పనికొచ్చే ముక్క ఒకటి వెతికి చెప్పాలి. పాఠం అంటే అదీ. అది చెప్పాక ప్రార్థన, ఆ తర్వాత కాఫీ.

ఆదికాండం మొదటి అధ్యాయంతో మొదలుపెట్టి ప్రకటన గ్రంథం చివరిదాకా వరసగా వెళ్ళాలి. అయిపోయిన మర్నాడే మళ్ళీ ఆదికాండం తెరవాలి. బాగున్నవి ఏరుకోవడం, బాగాలేనివి దాటేయడం కుదరదు. "అన్నంలో రాయి తగిలిందని విస్తరి వదిలేసి లేస్తావా?" అనేవారు నాన్న. లేవాలనే నాకుండేది.

నాకు పుట్టుకతోనే ఓపిక తక్కువ. మూడో నాలుగో వచనంలోనే ఏదో ఒక పాఠం పట్టేసుకుని, మిగతా అధ్యాయమంతా కాలి బొటనవేలితో చాప పీకుతూ కూర్చునేదాన్ని. మా ఇంట్లో చాపలన్నీ నేను కూర్చునే వైపే చిరిగి ఉండేవి. అమ్మది ఇంకో పద్ధతి. ఏ అధ్యాయం చదివినా ఆవిడ పాఠం ఒక్కటే: "దేవుడు ఎంత ఓర్పు గలవాడో!" జలప్రళయం వచ్చి లోకమంతా మునిగిపోయిన రోజు కూడా అదే చెప్పింది. నేను పకపకా నవ్వాను. నాన్న నవ్వలేదు, రోజూలాగే "ఆమెన్" అన్నారు. అదే నేను ఒక పాఠాన్ని రెండోసారి చెబితే మాత్రం, "నిన్నటిది ఇవాళ చెల్లదు" అనేవారు. ఈ అన్యాయం మీద నాకు చాలా ఏళ్ళు కోపం ఉండేది.

మావాళ్ళలో ఒక మాట ఉంది, వాక్యం రావడమని. ఏదైనా పెద్ద పని తలపెట్టినప్పుడు ఆ రోజు వరసలో వచ్చిన అధ్యాయంలో దానికి జవాబు తగిలితే, "వాక్యం వచ్చింది" అంటారు. నాన్నకి దాని మీద గట్టి గురి. గేదెను కొనాలా వద్దా అని ఊగిసలాడుతున్నప్పుడు, ఫరో కలలో బలిసిన ఆవులు ఏటిలోంచి పైకొచ్చే అధ్యాయం వచ్చింది. ఆ మధ్యాహ్నమే కంకిపాడు వెళ్ళి గేదెను తోలుకొచ్చారు. ఆ వెనకే బక్క ఆవులు కూడా వస్తాయి కదా అని నేను గుర్తు చేసినా ఎవరూ వినిపించుకోలేదు. గేదె రెండు పూటలా చెంబులు నింపి నా నోరు మూయించింది. అక్క పెళ్ళీ అంతే. రిబ్కా బావి దగ్గర నీళ్ళు తోడి పోసిన అధ్యాయం చదివిన వారంలోనే చల్లపల్లి నుంచి సంబంధం వచ్చింది. వాళ్ళొచ్చేసరికి మా అక్క పంపు దగ్గర బిందెతో నిలబడి ఉంది. ఇంక నాన్న కుర్రాడి గురించి వాకబు కూడా చెయ్యలేదు. దేవుడి దయవల్ల బావ మంచివాడే.

డెబ్బైల మధ్యలో ఒక వేసవిలో నాకు ఉద్యోగం వచ్చింది. ఇంటర్ పాసై, ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్న రోజులవి. బెజవాడ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరుగా తీసుకుంటున్నామనీ, నెల తిరిగేలోగా వచ్చి చేరాలనీ, చేరకపోతే ఆ ఖాళీ ఇంకొకరికి పోతుందనీ ఆర్డరు. నాకైతే అప్పుడే పెట్టె సర్దుకుని, బందరు రోడ్డు మీదికి పోయి, వచ్చిన మొదటి బస్సు ఎక్కాలనిపించింది. నాన్న ఆర్డరు రెండుసార్లు చదివి, మడత పెట్టి, "ప్రార్థన చేద్దాం. వాక్యం రానీ" అన్నారు.

"రాకపోతే?" అన్నాను.

"రాకపోవడమేంటమ్మా? మనకెప్పుడు రాలేదు?"

ఆయన భయాలేమిటో అమ్మ వంటింట్లో చెప్పింది. ఆడపిల్ల హాస్టల్లో ఉండటం ఒకటి. నైట్ డ్యూటీలు ఒకటి. వాటికి నేను జవాబులు సిద్ధం చేసుకున్నాను కానీ, ఆయన నాతో వాదనకి దిగితే కదా! ఆయన అడుగుతున్నది నన్ను కాదు.

ఆ సాయంత్రమే నేను బైబిలు తీసి, గడువులోపల ఏయే అధ్యాయాలు వస్తాయో తిరగేశాను. మేము అప్పుడు నిర్గమకాండం మధ్యలో ఉన్నాం. అంతవరకూ సముద్రం చీలి, ఆకాశం నుంచి మన్నా అనే ఆహారం కురిసి, కథ పరుగులు తీస్తుంది. సరిగ్గా అక్కణ్ణుంచి దేవుడికి గుడారం కట్టే పని మొదలవుతుంది. మందసం అనే పెట్టె ఎన్ని మూరలు, తెరలకి ఎన్ని కొలుకులు, పలకల కింద ఎన్ని దిమ్మలు. ఇవన్నీ ఒకసారి చెప్పి, కట్టేటప్పుడు మళ్ళీ ఇంకోసారి చెబుతారు. అది అయ్యాక లేవీయకాండం. అందులో బలులు, కొవ్వు, మూత్రగ్రంథులు, కుష్ఠు. ఈ సామానులోంచి నా టెలిఫోను ఉద్యోగానికి వాక్యం రావాలి!

బడికి వేసవి సెలవులు. కాలవకి నీళ్ళు ఆపేశారు, అడుగున బురద బీటలు తీసింది. నాన్నా నేనూ రోజంతా ఇంట్లోనే ఒకరి కాళ్ళకి ఒకరం అడ్డం పడుతూ తిరిగేవాళ్ళం. నేను ఊడ్చిన వాకిలే మళ్ళీ ఊడ్చేదాన్ని. ఆయన నూనె వేసిన సైకిలు గొలుసుకే మళ్ళీ నూనె వేసేవారు. మందసానికి తుమ్మకర్ర వాడారన్న రోజు, "మన కాలవగట్టు మీది తుమ్మకర్ర లాంటిదాన్ని కూడా దేవుడు పనికి పిలుస్తాడు, ఇంట్లో ఉంచడు" అని పాఠం చెప్పాను. నాన్నకి అందులో నా ఎత్తు కనిపించింది. "తుమ్మకర్ర తనంతట తను నడిచి వెళ్ళలేదు" అన్నారు.

జనాన్ని నడిపించే మోషే కొండెక్కి ఎంతకీ దిగి రాకపోతే, కింద జనం విసిగిపోయి బంగారు దూడ చేసుకున్న అధ్యాయం వచ్చినప్పుడు నాకు కాస్త ఊపిరాడింది. ఆ జనం మీద జాలి కూడా కలిగింది.

"ఇవాళ్టికేం దొరికింది?"

"పెద్దవాళ్ళు కొండ దిగటం ఆలస్యం చేస్తే కిందవాళ్ళు పాడైపోతారని."

అమ్మ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్న కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, "కిందవాళ్ళు ఆగాల్సింది" అన్నారు.

నిర్గమకాండం ఆఖరి అధ్యాయం చదివిన రోజు నేను ఎప్పటికీ మర్చిపోలేను. గుడారం మీది మేఘం పైకి లేచినప్పుడల్లా జనం ప్రయాణమై వెళ్ళారన్న వచనం సరిగ్గా నా వంతుకే వచ్చింది. వచ్చేసింది, వాక్యం వచ్చేసింది! అధ్యాయం పూర్తయ్యేదాకా కూడా ఆగలేక, "నాన్నా, ప్రయాణమయ్యారు!" అన్నాను. ఆ తర్వాతి వచనం నాన్న వంతు. మేఘం లేవకపోతే, లేచేదాకా వాళ్ళు కదలలేదని ఉంది అందులో. ఆయన దాన్ని రెండుసార్లు చదివారు.

"చూశావా? లేవందే కదల్లేదు."

"లేస్తే వెళ్ళారనే ముందు రాసుంది నాన్నా."

"మరి లేచిందా?"

నేను విసురుగా లేచి వాకిట్లోకి వెళ్ళి ఆకాశం చూశాను. మే నెల. మేఘం కాదు కదా, చారెడు పొగ కూడా లేదు. ఆ రోజు నేను కాఫీ ముట్టలేదు. పెరట్లో గేదె దగ్గర కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. నా బతుకు ఏమవుతుందో ఎవరి వంతుకి ఏ వచనం పడిందన్నదాన్ని బట్టి తేలడమేమిటి? నాన్న మీద కోపం వచ్చింది, దేవుడి మీద కూడా వచ్చింది. ఆ మాట పైకి చెప్పుకోవటానికి మా ఇంట్లో ఎవరూ లేరు. గేదె వింది.

ఆ తర్వాత నాన్న కూడా కుదురుగా లేరు. కంకిపాడులో పాస్టరు అయ్యగారి దగ్గరికి వెళ్ళొచ్చారు. ఆయన "ప్రార్థిద్దాం" అన్నారట. మరి రెండు రోజులు, "పనుంది" అని పొద్దున్నే బస్సెక్కి, పొద్దుగూకే వేళకి మొహం వాడిపోయి తిరిగొచ్చారు. ఏం పనో చెప్పలేదు, మేమూ అడగలేదు. అమ్మ మాత్రం ఆయన విప్పిన చొక్కా ఉతకటానికి తీస్తూ కాసేపు అలాగే నిలబడింది. పొలుసు లేనివి తినకూడదన్న అధ్యాయం వచ్చిన రోజున మా ఇంట్లో రొయ్యలు ఉన్నాయి. ఇంకెప్పుడైనా అయితే దాని మీద నాన్న, ఆ ధర్మం అప్పటివాళ్ళకీ ఇప్పుడు మనకీ ఎలా వేరో చెబుతూ చాలాసేపు మాట్లాడేవారు. ఆ రోజు నేరుగా ప్రార్థన చేసేశారు.

గడువు ఇంక రెండు రోజులుందనగా లేవీయకాండం పదమూడో అధ్యాయం వచ్చింది. చాలా పెద్దది. ఒంటి మీద మచ్చ వచ్చినవాణ్ణి యాజకుడి దగ్గరికి తీసుకెళతారు. ఆయన చూస్తాడు. తేల్చలేకపోతే ఏడు రోజులు విడిగా ఉంచి మళ్ళీ చూస్తాడు. అప్పటికీ అనుమానంగా ఉంటే ఇంకో ఏడు రోజులు. పొక్కులు, వాపులు, బట్టతల, బట్టల మీద మరకలు. ఎంతకీ తరగదు. చదువుతూ చదువుతూ నాకు ఆశ చచ్చిపోయింది.

"ఇవాళ్టికేం దొరికింది?"

"ఏమీ దొరకలేదు" అన్నాను. ఆ చాప మీద ఆ మాట అనటం అదే మొదలు. తిడతారనుకున్నాను. నాన్న అమ్మ వైపు తిరిగారు, ఆమెన్ అనటానికి సిద్ధంగా.

అమ్మ తన పాఠం చెప్పలేదు. చాప అంచు సర్దింది.

"ఆ యాజకుడు దేవుణ్ణి అడిగాడని ఎక్కడా లేదేంటండీ?" అంది. "తనే చూశాడు. తేలకపోతే ఆగి మళ్ళీ చూశాడు. ఆ తర్వాత మాత్రం నోరు తెరిచి ఏదో ఒకటి చెప్పాడు. ఆ మనిషిని అలా లోపల పెట్టేసి తన దారిన తను పోలేదు."

"అయితే?" అన్నారు నాన్న.

"మీరు కూడా రెండుసార్లు బెజవాడ వెళ్ళి హాస్టలు చూసొచ్చారు. మీరు చెప్పకపోతే నాకు తెలీదనుకున్నారా? మీ జేబుల్లో బస్సు టిక్కెట్లు తీసేది ఎవరు? చూశారుగా. ఇంక చెప్పండి."

నేను నోరు తెరుచుకుని నాన్న వైపు చూశాను. ఆయన ఈ విషయం నాకు తెలియకూడదనుకున్నారు. దొరికిపోయిన పిల్లాడిలా బైబిలు అట్ట మీద వేలితో రాస్తూ కూర్చున్నారు.

"హాస్టలు బాగానే ఉంది" అన్నారు చివరికి. "వార్డెనమ్మ కూడా గట్టిమనిషే. అక్కణ్ణుంచి ఆ ఆఫీసుదాకా నడిచి చూశాను. దారి పొడుగునా దీపాలున్నాయి." కళ్ళజోడు తీశారు. "వాక్యం రాకుండా ఇంతవరకూ నేను ఏ పనీ చెయ్యలేదమ్మా. నాకు భయంగా ఉంది."

నాన్నకి భయం వేస్తుందని అంతవరకూ నాకు తెలియదు.

"సరే, వెళ్ళు" అన్నారు. "దేవుడు చెప్పాడని అనను. నేనే చెబుతున్నాను."

నెల రోజులుగా కాళ్ళ కింద నిప్పులున్నట్టు తిరిగినదాన్ని, ఆ మాట కోసం. తీరా అది వస్తే ఎగిరి గంతెయ్యలేకపోయాను. అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళి కాఫీ తెచ్చింది. ముగ్గురం తాగాం.

బస్సెక్కించేటప్పుడు నాన్న కిటికీ దగ్గరికొచ్చి, "రోజుకో అధ్యాయం మానకు. రేపటికి మనం పదిహేనులో ఉంటాం" అన్నారు. మిగతా జాగ్రత్తలన్నీ అమ్మ చెప్పింది.

బెజవాడ వెళితే మనసు కుదుటపడుతుందనుకున్నాను. పడలేదు. ఊళ్ళో ఉన్నప్పుడు ఎప్పుడు బయటపడతానా అని తిరిగిన కాళ్ళు, హాస్టల్లో ఎందుకు తిరుగుతున్నాయో తెలియకుండా తిరిగేవి. కొండల మధ్య ఊరు, రాత్రికి కూడా గోడలు చల్లారేవి కావు. ఎక్స్‌ఛేంజిలో చెవులకి హెడ్‌ఫోను తగిలించుకుని, సీనియరు పక్కన కూర్చుని, పై ఊళ్ళ కాల్స్ కలిపే ట్రంకు బోర్డు నేర్చుకున్నాను. పొద్దున్నే అధ్యాయం చదివేదాన్ని, మనసులో, గబగబా. హాస్టల్లో కాఫీ గంట కొట్టగానే ఇచ్చేసేవారు. ఏం దొరికిందని ఎవరూ అడిగేవారు కారు. ఇన్నాళ్ళూ నేను కోరుకున్నది అదే. అయినా ఆ కాఫీ తాగుతుంటే ఎవరి గ్లాసో నేను తీసుకున్నట్టుండేది.

మూడు వారాలయ్యాయేమో, సంఖ్యాకాండం ఏడో అధ్యాయం వచ్చింది. గుడారం ప్రతిష్ఠకి పన్నెండు గోత్రాల పెద్దలు రోజుకొకరు కానుకలు తెస్తారు. మొదటివాడు ఏం తెచ్చాడో రెండోవాడూ అదే తెస్తాడు. అదే వెండి గిన్నె, అదే ప్రోక్షణపాత్ర, అదే బంగారు ధూపార్తి. అయినా పన్నెండుసార్లూ ఒక్క మాట తగ్గకుండా మొత్తం రాసి ఉంటుంది. నాలుగో పెద్ద దగ్గరే పుస్తకం మూసేద్దామనుకున్నాను. ఎందుకో మూయకుండా, విసుక్కుంటూనే చివరిదాకా చదివి డ్యూటీకి పరుగెత్తాను.

పొద్దున్నుంచీ బోర్డు మీద దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. నంబరు చెప్పండి, లైన్లో ఉండండి, మాట్లాడండి. ఈ మూడు ముక్కలే ఎన్నిసార్లు అన్నానో నాకే తెలియదు. మధ్యాహ్నానికి కాస్త ముందు కంకిపాడు దీపం వెలిగింది. తీగ గుచ్చి, "చెప్పండి, కంకిపాడు" అన్నాను. అక్కడి పోస్టుమాస్టరు, "పార్టీయే మాట్లాడతారంటండీ" అని ఎవరికో రిసీవరు ఇచ్చాడు.

"నమస్కారమండీ" అంది నాన్న గొంతు. "లేడీస్ హాస్టలుకి ఒక కాల్ కావాలండీ. మా అమ్మాయి అక్కడుంటుంది. ఎక్కువసేపు మాట్లాడనండీ, ఒక్క మాట."

నాన్న నన్నే అండీ అంటున్నారు.

"నాన్నా, నేనే."

"ఎవరండీ?"

"నేనే నాన్నా, మీ అమ్మాయిని. డ్యూటీలో ఉన్నాను. ఏమైంది? అమ్మకి బాగుందా?"

"బాగానే ఉందమ్మా. ఏమీ కాలేదు." లైన్లో గరగర చప్పుడు. "ఇవాళ అధ్యాయం చదివావా?"

"చదివాను."

"నాకేమీ దొరకలేదమ్మా. ఎంతసేపు చూసినా దొరకలేదు. కాఫీ కూడా తాగలేదు ఇంకా."

సూపర్‌వైజరు వరస చివర నిలబడి ఉంది. సొంత మాటలు మాట్లాడకూడదు. బోర్డు మీద ఇంకో రెండు దీపాలు వెలిగాయి. వాటిని చూస్తూ, ఆలోచించకుండానే అనేశాను:

"పన్నెండు మందీ ఒకటే తెచ్చారు కదా నాన్నా. నిన్నటిది ఇవాళ చెల్లదని దేవుడు ఎవరితోనూ అనలేదు. ఎవరిది వాళ్ళకి మొత్తం రాయించాడు. అమ్మ రోజూ చెప్పేదీ అంతేగా."

లైను పోయిందేమోనని తీగ సర్దాను.

"మీ అమ్మ ఇవాళ కూడా అదే చెప్పింది" అన్నారు. "నేనే ఆమెన్ అనలేకపోయాను."

"ఎందుకు నాన్నా?"

"నేను చదువుతాను, మీ అమ్మ చదువుతుంది. ఆ తర్వాత నీ వంతు. అక్కడికొచ్చి రోజూ ఆగిపోతున్నానమ్మా. వరస తప్పిపోతోంది."

సూపర్‌వైజరు నడిచి వస్తోంది. "నాన్నా, ఇంటికెళ్ళి కాఫీ తాగండి" అన్నాను. "తాగుతాను" అన్నారు. నేను తీగ లాగి పక్క దీపంలో గుచ్చి, "నంబరు చెప్పండి" అన్నాను. అవతలి మనిషి నంబరు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

మర్నాడు పొద్దున మంచం మీద కూర్చుని బైబిలు తెరిచాను. మొదటి వచనం నాన్నది, మనసులో చదివాను. రెండోది అమ్మది, అదీ మనసులోనే. మూడోది పైకి, గట్టిగా చదివాను. అలాగే చదువుతూ పోయాను. పక్క మంచం అమ్మాయి ముసుగు తీసి, నిద్ర చెడగొట్టావని విసుక్కుంది. మళ్ళీ నా వంతు వచ్చింది, పైకే చదివాను.